జార్ ఆఫ్ ఫ్లైస్: ఆలిస్ ఇన్ చెయిన్స్ వినాలంటే ముందు ఈ సీడీ

ఆలిస్ ఇన్ చెయిన్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ పేరు తెలిసి కూడా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయినవాళ్ళు నాకు చాలామంది తగిలారు. నిర్వాణా బొమ్మ ఉన్న టీషర్టులు కోఠి ఫుట్‌పాత్ మీద కూడా దొరుకుతాయి. పెర్ల్ జామ్ పేరు రాక్ వినేవాళ్ళందరికీ తెలుసు. అదే సియాటిల్ నుంచి, అవే సంవత్సరాల్లో పైకొచ్చిన ఈ నలుగురి దగ్గరికొచ్చేసరికి "ఆ, పేరు విన్నాను" అంటారు, అంతటితో మాట మారిపోతుంది. అలాంటివాళ్ళ చేతిలో నేను పెట్టేది ఎప్పుడూ ఒకటే సీడీ. పేరు జార్ ఆఫ్ ఫ్లైస్. 1994 జనవరి 25న విడుదలైంది. ఏడు పాటలు, మొత్తం ముప్ఫై ఒక్క నిమిషాల లోపే. నా పాత కాపీ గీతలుపడి మధ్యమధ్యలో ఆగిపోతుంటే ఈమధ్యే మళ్ళీ కొన్నాను. ఆ కొన్న సీడీ ఎలా ఉందో చెబుతూ, ఆ బ్యాండ్ ఎందుకు వినాలో కూడా చెబుతాను. ఒకటి చెప్పి రెండోది వదిలేస్తే ఈ సీడీకి అన్యాయం చేసినట్టే.

నేను సౌండ్ ఇంజనీర్‌ని. హైదరాబాద్‌లో పాటలు, డబ్బింగ్ మిక్స్ చేస్తాను. పొద్దున్నుంచి రాత్రిదాకా నా పనంతా గొంతులతోనే. ఒక గొంతు పక్కన ఇంకో గొంతు పెడితే ఏది ముందుకు రావాలి, ఏది ఎంత వెనక్కి జరగాలి, ఇద్దరి ఊపిరీ ఒకేసారి వినిపిస్తే ఏది కోయాలి, ఇదే గొడవ. అందుకే గ్రంజ్, అంటే సియాటిల్ నుంచి వచ్చిన ఆ రాక్ సంగీతం, అనగానే అందరూ చెప్పే గిటార్ గోల, చిరిగిన జీన్స్, చలికాలపు ఫ్లానెల్ చొక్కాలు నన్ను పెద్దగా పట్టుకోలేదు. ఈ బ్యాండ్‌లో నన్ను పట్టుకున్నది రెండు గొంతులు కలిసే తీరు. గాయకుడు లేన్ స్టేలీ, గిటారిస్టు జెర్రీ కాంట్రెల్ కలిసి పాడినట్టు రాక్‌లో ఇంకెవరూ పాడలేదని నా గట్టి నమ్మకం. ఆ కలయిక చెవికి అతి స్పష్టంగా దొరికేది ఈ సీడీలోనే. మిగతా ఆల్బమ్‌లలో గిటార్ల బరువు కింద నుంచి దాన్ని వెతుక్కోవాలి.

ముందు కొనుగోలు సంగతి. ఇది కొత్త సీడీగా మన దగ్గర షాపుల్లో దొరకడం కష్టం. నేను ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్ అమ్మే ఒకాయన దగ్గర తెప్పించుకున్నాను. షిప్పింగ్‌తో కలిపి రెండువేల చిల్లర అయింది. 1994లో తొలిగా వచ్చిన కాపీల్లో కొన్నిటికి సీడీ డబ్బా వెన్నుభాగంలో, పారదర్శకంగా ఉండే ఆ సన్నటి గొట్టంలాంటి చోట, ప్లాస్టిక్ ఈగలు వేసి అమ్మారు. డబ్బా కదిపితే అవి లోపల అటూఇటూ దొర్లుతాయి. అమ్మకందారు పెట్టిన ఫొటోలో ఈగలున్నాయి. నాకొచ్చిన దాంట్లో లేవు. డబ్బా మూత కూడా పగిలి, మడతబందు ఊడిపోయి వచ్చింది. మెసేజ్ పెడితే మొదట రెండ్రోజులు ఉలుకూ పలుకూ లేదు, తర్వాత కొంత డబ్బు వెనక్కి వేశాడు. కాబట్టి ఈగల కాపీయే కావాలనుకునేవాళ్ళు మీకు పంపబోయే డబ్బా ఫొటోనే పంపమని గట్టిగా అడగండి, వెన్నుభాగం దగ్గరగా కనిపించాలి. నాకైతే డిస్కు మీద ఒక్క గీత కూడా లేదు, అది చాలు. డబ్బాలు ఎక్కడైనా దొరుకుతాయి.

అట్ట మీద బొమ్మ రాకీ షెంక్ తీసిన ఫొటో. ఈగలున్న గాజు సీసాను కళ్ళప్పగించి చూస్తున్న ఒక పిల్లవాడు. ఆ పేరు వెనక కథ కాంట్రెల్ మూడో తరగతిలో చేసిన సైన్స్ ప్రయోగం. రెండు సీసాల్లో ఈగల్ని పెట్టారు. ఒక సీసాకి తిండి విపరీతంగా వేశారు, రెండోదానికి కొంచెం కొంచెంగా వేశారు. బాగా తిన్నవి కొన్నాళ్ళు తెగ పెరిగాయి, చివరికి సీసాలో చోటు చాలక అన్నీ చచ్చిపోయాయి. అరకొర తిన్నవే ఎక్కువకాలం బతికాయి. 1993 నాటికి ఈ నలుగురూ ఏ సీసాలో ఉన్నారో ఆలోచిస్తే ఆ పేరు పెట్టిన మనిషి మనసు అర్థమవుతుంది.

ఎందుకంటే ఆ ఏడాదికి వాళ్ళకి అన్నీ అతిగానే వచ్చిపడ్డాయి. బ్యాండ్ 1987లో సియాటిల్‌లో మొదలైంది. స్టేలీ పుట్టింది కర్క్‌లాండ్‌లో, మనవాళ్ళు ఇప్పుడు వేలల్లో కాపురముంటున్న సియాటిల్ తూర్పు శివార్లలో. కాంట్రెల్ దక్షిణాన టకోమాలో పుట్టినవాడు. డ్రమ్స్ మీద షాన్ కిన్నీ, బేస్ మీద మైక్ స్టార్. తొలి ఆల్బమ్ ఫేస్‌లిఫ్ట్ 1990 ఆగస్టులో వచ్చింది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మ్యాన్ ఇన్ ద బాక్స్ పాట వీడియో ఎంటీవీలో తిరగడం మొదలయ్యాక 1991 సెప్టెంబరుకి గోల్డ్ రికార్డ్ (అమెరికాలో ఐదు లక్షల కాపీలు) అయింది. నిర్వాణా వాళ్ళ నెవర్‌మైండ్ విడుదలైంది కూడా అదే నెల చివర్లో. అంటే ప్రపంచం సియాటిల్ వైపు తల తిప్పేటప్పటికే వీళ్ళు గుమ్మంలో నిలబడి ఉన్నారు. చాలామంది ఈ వరస తిరగేసి చెబుతారు, అందుకే ఇక్కడ తేదీలు రాస్తున్నాను.

అసలు వీళ్ళని గ్రంజ్ అని ఒక గంపలో వేసేయడం నాకు నచ్చదు. ఊరు ఒకటే, స్నేహాలు ఒకటే, సరే. కానీ పాట కట్టే పద్ధతి చూస్తే వీళ్ళ వేళ్ళు హెవీ మెటల్‌లో ఉన్నాయి. 1991లో స్లేయర్, మెగాడెత్, ఆంత్రాక్స్ కలిసి చేసిన క్లాష్ ఆఫ్ ద టైటన్స్ టూర్‌లో ముందు వాయించింది వీళ్ళే. ఆ బ్యాండ్ల కోసం వచ్చిన జనం వీళ్ళ మీద చేతికందిందల్లా విసిరారు. ఆ గోలలో కూడా నిలబడి వాయించారు. ఆ తర్వాత మెటల్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ టూర్‌లో కాలు విరిగిన స్టేలీ చేతికర్రలతో స్టేజీ ఎక్కి పాడాడు.

1992 సెప్టెంబరు 29న వచ్చిన డర్ట్ వాళ్ళ పెద్ద ఆల్బమ్. రూస్టర్, వుడ్, డౌన్ ఇన్ ఎ హోల్, దెమ్ బోన్స్ అన్నీ అందులోవే. రూస్టర్ వియత్నాం యుద్ధంలో పనిచేసిన తండ్రి గురించి కాంట్రెల్ రాసిన పాట, ఆ తండ్రిని ఇంట్లో పిలిచే పేరే రూస్టర్. వుడ్ అన్నది 1990 మార్చిలో డ్రగ్స్‌కి బలైపోయిన స్నేహితుడు, మదర్ లవ్ బోన్ బ్యాండ్ గాయకుడు ఆండ్రూ వుడ్‌ని తలుచుకుని రాసింది. డర్ట్‌లో సగం పాటలు హెరాయిన్ ఊబి గురించే, దాచుకోకుండా, మొహమాటపడకుండా. అద్భుతమైన ఆల్బమ్. కానీ ఈ బ్యాండ్‌ని ఎప్పుడూ వినని మనిషికి మొదటిరోజే డర్ట్ ఇవ్వకండి. ఆ బరువుకి బెదిరి మళ్ళీ ఇటు రాడు.

ఆ ఆల్బమ్ వెంటే నడిచిన టూర్‌లో 1993 జనవరిలో బేసిస్ట్ మైక్ స్టార్ బయటికెళ్ళాడు. అతని చోటికి ఓజీ బ్యాండ్‌లో వాయించిన మైక్ ఐనెజ్ వచ్చాడు. లొల్లపలూజా అనే రాక్ పండగ టూర్ కూడా ముగించుకుని సియాటిల్ తిరిగొచ్చేసరికి అద్దె కట్టలేదని ఉన్న ఇల్లు ఖాళీ చేయించేశారు. ప్రపంచమంతా పేరు మోగుతున్న బ్యాండ్‌కి ఊళ్ళో ఉండడానికి చోటు లేదు. దాంతో నలుగురూ సామానుతో సహా స్టూడియోలో దిగిపోయారు. చేతిలో ఒక్క పాట కూడా సిద్ధంగా లేదు. స్టేలీకి అకూస్టిక్ (కరెంటు అక్కర్లేని) గిటార్లు పట్టుకుని కూర్చుని ఏమొస్తుందో చూద్దామని ఉంది. ఇంజనీర్ టోబీ రైట్ పాటలు తయారుగా ఉంటాయనుకుని వచ్చాడు, ముందు కాసేపు వాయించుకుంటాం అన్నారు. 1993 సెప్టెంబరులో దాదాపు వారం రోజుల్లో రాయడం, వాయించడం, రికార్డ్ చేయడం అన్నీ అయిపోయాయి.

ఆ స్టూడియో గురించి కాస్త ఆగి చెప్పాలి. పేరు లండన్ బ్రిడ్జ్. ఉన్నది సియాటిల్‌ని ఉత్తరాన ఆనుకుని ఉండే షోర్‌లైన్‌లో. 1985లో దాన్ని పెట్టింది రిక్ పరాశర్, రాజ్ పరాశర్ అనే అన్నదమ్ములు. రిక్ అసలు పేరు రాకేశ్, భారత సంతతివాడు. పెర్ల్ జామ్ టెన్, టెంపుల్ ఆఫ్ ద డాగ్ ఆల్బమ్‌లకి ప్రొడ్యూసర్ అతనే. ఆలిస్ ఇన్ చెయిన్స్ ఫేస్‌లిఫ్ట్ పనిలో చాలా భాగం అక్కడే జరిగింది. 1992లో వచ్చిన శాప్ అనే చిన్న రికార్డుని ఆ బ్యాండ్‌తో కలిసి ప్రొడ్యూస్ చేసింది కూడా రిక్ పరాశరే. 2014 ఆగస్టులో యాభై ఏళ్ళకే పోయాడు. సియాటిల్ సంగీతం గురించి మనవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు ఈ పేరు రాకపోవడం నాకు బాధగా ఉంటుంది. మన దగ్గర ఎవరెవరి ముత్తాతల్నో వెతికి మరీ గర్వపడతాం, ఈ మనిషి పనిని చెవులారా వింటూ కూడా పేరు ఎరగం.

ఆ గదిలో ఉన్నది 1970ల నాటి నీవ్ 8048 కన్సోల్ (రికార్డింగ్, మిక్సింగ్ చేసే బల్ల). దాని సంగతి నా వృత్తిలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి ఇంతే: అలాంటి కన్సోల్ గుండా పోయిన గొంతులో మధ్యభాగం నిండుగా, కండపట్టినట్టు వినిపిస్తుంది, అంచులు గీసుకోవు. ఈ సీడీలో గిటార్ తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా చెవిలో గుచ్చుకోదు.

ఇక పాటలు. మొదటిది రాటెన్ యాపిల్, దాదాపు ఏడు నిమిషాలు, అన్నిటికన్నా పొడుగు. ఐనెజ్ బేస్‌తో మొదలవుతుంది. కొత్తగా చేరిన మనిషి వాయింపుతో సీడీ తెరుచుకోవడం నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. దానిమీద కాంట్రెల్ టాక్‌బాక్స్ గిటార్ వస్తుంది. నోట్లో గొట్టం పెట్టుకుని గిటార్ శబ్దాన్ని పెదాలతో మలిచే పరికరం అది. మ్యాన్ ఇన్ ద బాక్స్‌లో దాన్ని బెదిరించడానికి వాడాడు, ఇక్కడ మూలుగులా వాడాడు. పాట తీరిగ్గా నడుస్తుంది. తొందరపడేవాళ్ళకి విసుగు రావచ్చు, ఓర్చుకోండి.

రెండోది నట్‌షెల్. నాలుగు నిమిషాల పాట. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి అనే వరస దీంట్లో లేదు. నాలుగు గిటార్ కార్డ్‌లు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) అలా తిరుగుతూనే ఉంటాయి, రెండు చరణాలు పాడి గొంతు ఆగిపోతుంది, మిగతాది గిటార్ చూసుకుంటుంది. పేరు, ప్రైవసీ, ఒంటరితనం, ఇంటికి పోయినా ఇల్లు లేనట్టుండడం, అంతా పిడికెడు మాటల్లో పాడాడు స్టేలీ. హెడ్‌ఫోన్స్‌లో వినండి. మాటలు మొదలవడానికి ముందు అతను చిన్నగా, పెదాలు విప్పకుండా రాగం తీస్తాడు. అక్కడే మనిషి ఎంత దగ్గరగా నిలబడి పాడుతున్నాడో తెలిసిపోతుంది. ఒక్కో వాక్యం చివర ఊపిరి పూర్తిగా వదిలేసి, మళ్ళీ తీసుకోవడానికి కాస్త ఆలస్యం చేస్తాడు. నేనైతే సింగర్ అలా పాడితే "ఇంకో టేక్ చేద్దాం సార్" అంటాను. ఇక్కడ ఆ ఆలస్యంలోనే పాట ఉంది. చివర్లో కాంట్రెల్ ఎలక్ట్రిక్ గిటార్ సోలోలో వేగం చూపించే ప్రయత్నమే లేదు. గొంతు ఎక్కడ వదిలేసిందో అక్కడినుంచి అందుకుని, అదే రాగాన్ని కాస్త పైకి తీసుకెళ్ళి వదిలేస్తాడు. రాత్రి పని ముగించుకుని ఇంటికెళ్తూ ఈ పాట విన్నానంటే ఇల్లు చేరాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు.

ఐ స్టే అవే లో వయొలిన్లు, వయోలా, చెల్లో ఉన్నాయి. రాక్ పాటలో తీగవాద్యాలు పెడితే సాధారణంగా పైపూతలా ఉంటుంది. ఇక్కడ అవి గిటార్‌తో గొడవపడతాయి. మెత్తగా సాగుతున్న పాట ఒక్కసారిగా మొహం ముడుచుకుని బరువెక్కుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. ఆ మలుపు దగ్గర తాళం లెక్కపెడుతూ వింటే చేయి తడబడుతుంది. అందులో షాన్ కిన్నీ ప్రతిభ ఎంతో ఉంది.

నాలుగోది నో ఎక్స్‌క్యూజెస్. ఈ సీడీ కొనమని చెప్పడానికి నాకు ఈ ఒక్క పాట చాలు. వాళ్ళ పాటల్లో అమెరికా మెయిన్‌స్ట్రీమ్ రాక్ చార్టులో మొదటి స్థానానికి చేరిన తొలిపాట ఇదే. కిన్నీ డ్రమ్స్ గలగలా మొదలవుతాయి, గిటార్ వెలుతురుగా మోగుతుంది, తర్వాత ఇద్దరూ కలిసి పాడతారు. మొదటి వాక్యం నుంచే కలిసి.

మన పాటల్లో ఇద్దరు కలిసి పాడితే ఎక్కువగా ఒకే స్వరం మీద పాడతారు. ఇళయరాజా కోరస్‌లలో తప్ప గొంతులు వేర్వేరు స్వరాల మీద పక్కపక్కన నడవడం మన చెవికి తక్కువ అలవాటు. పాశ్చాత్య సంగీతంలో హార్మనీ అంటే అదే. మామూలుగా అక్కడ కూడా ఒక గొంతు ప్రధానం, రెండోది తోడు. మిక్స్ చేసేటప్పుడు తోడు గొంతుని మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించి వెనక పెట్టడం మా అందరికీ అలవాటైన పని. నో ఎక్స్‌క్యూజెస్‌లో ఆ తేడా దాదాపు లేదు. కాంట్రెల్ గొంతు కింద నిబ్బరంగా, కాస్త ముక్కుతో, పెద్ద ఆవేశం లేకుండా ఉంటుంది. స్టేలీ గొంతులో రాపిడి, పదును. విడివిడిగా వింటే కాంట్రెల్ గొంతు మామూలుదే అనిపిస్తుంది. కలిపి వింటే మూడో మనిషెవరో పాడుతున్నట్టుంటుంది. ఏది ప్రధాన రాగమో చెప్పమంటే నేను ఇప్పటికీ రెండుసార్లు వెనక్కి తిప్పి వింటాను. పాట వాళ్ళిద్దరి స్నేహం గురించేనని చాలామంది అంటారు. పాడిన తీరు వింటే నాకూ అలాగే అనిపిస్తుంది: గొడవపడ్డవాళ్ళు, మళ్ళీ గొడవపడబోయేవాళ్ళు, అయినా ఒకే మైకు ముందు నిలబడ్డవాళ్ళు.

వేల్ అండ్ వాస్ప్‌లో మాటల్లేవు, రెండున్నర నిమిషాల వాద్యసంగీతం. డోంట్ ఫాలో మొదటి సగం కాంట్రెల్ ఒక్కడే పాడతాడు, మౌతార్గాన్ తోడుగా. సగంలో పాట లేచి నిలబడుతుంది, స్టేలీ అందుకుంటాడు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పాట మారే ఆ క్షణం చాలా అందంగా ఉంటుంది. చివరిది స్వింగ్ ఆన్ దిస్, జాజ్ పోకడలున్న సరదా పాట. ఇది నాకు నచ్చదు. ఆరు పాటల్లో కట్టిన మనఃస్థితిని ఇది చెదరగొడుతుంది. డోంట్ ఫాలోతో ముగించి ఉంటే బాగుండేది. ఐదు చుక్కల రేటింగ్‌లో సగం చుక్క నేను తగ్గించేది దీనికే.

ఈ సీడీ అమెరికా ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ 200 చార్టులో నేరుగా మొదటి స్థానంలో దిగింది. పూర్తి ఆల్బమ్ కాని ఒక చిన్న రికార్డు అలా రావడం అదే మొదటిసారి. తొలివారంలోనే లక్షా నలభై వేలకు పైగా అమ్ముడైంది. ఆ తర్వాత ఇంకో చిన్న రికార్డు ఆ చోటు అందుకోవడానికి 2004 దాకా పట్టింది, లింకిన్ పార్క్, జే-జీ కలిసి చేసిన కొలిజన్ కోర్స్‌తో. పదేళ్ళు! అలాంటి రికార్డు చేతిలో ఉండి కూడా బ్యాండ్ ఊరూరా తిరిగి ఈ పాటలు పాడలేకపోయింది. 1994 వేసవిలో మెటాలికాతో ఒప్పుకున్న టూర్‌ని ఆఖరి నిమిషంలో వదులుకున్నారు. స్టేలీ ఆరోగ్యం అప్పటికే చేయిజారుతోంది.

1995 నవంబరులో బ్యాండ్ పేరుతోనే ఒక ఆల్బమ్ వచ్చింది, అట్ట మీద మూడుకాళ్ళ కుక్క. 1996 ఏప్రిల్ 10న న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని మెజెస్టిక్ థియేటర్‌లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్ (అకూస్టిక్ వాద్యాలతో పాడే టీవీ కార్యక్రమం) కచేరీ చేశారు, నట్‌షెల్‌తో మొదలుపెట్టి. అదే ఏడాది జూలై 3న కాన్సస్ సిటీలో కిస్ బ్యాండ్‌కి ముందు వాయించింది స్టేలీతో ఆఖరి కచేరీ. 2002 ఏప్రిల్ 5న స్టేలీ సియాటిల్‌లో తన ఇంట్లో చనిపోయాడు, వయసు 34. హెరాయిన్, కొకెయిన్ కలిపి తీసుకోవడం వల్ల. రెండు వారాల దాకా ఎవరికీ తెలియలేదు. మైక్ స్టార్ కూడా 2011 మార్చిలో పోయాడు.

ఈ బ్యాండ్ గురించి రాసేవాళ్ళు చాలామంది ఆ రెండు వారాల దగ్గరే ఆగిపోతారు. నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ కూడా ఏప్రిల్ 5నే పోయాడని కలిపి ఏదో విధిరాత అన్నట్టు రాస్తారు. నాకు అది నచ్చదు. ఒక మనిషి జబ్బుపడి, సాయం అందక చనిపోయాడు. అందులో గొప్పతనం లేదు, కవిత్వం లేదు. గొప్పతనం అంతా అతను పాడినదాంట్లో ఉంది. డ్రగ్స్ వల్లే అలా పాడగలిగాడనే కుర్రాళ్ళు నాకు కనిపిస్తే చెప్పేది ఒకటే: ఫేస్‌లిఫ్ట్‌లో గొంతు వినండి, అన్‌ప్లగ్డ్‌లో గొంతు వినండి. ఆ ఆరేళ్ళలో డ్రగ్స్ ఏం ఇచ్చాయో, ఏం పట్టుకెళ్ళాయో చెవికే తెలుస్తుంది. అన్‌ప్లగ్డ్‌లో అతను పైస్వరాల దగ్గర ఎంత జాగ్రత్తగా అడుగేస్తాడో వింటే నాకు గుండె కలుక్కుమంటుంది. అయినా స్వరం తప్పడు.

ఈ బ్యాండ్ వదిలి వెళ్ళింది ఏమిటంటే, నా మటుకు ఆ జంటగొంతుల పద్ధతే. స్టేలీ గరగర గొంతుని అనుకరించి 2000ల మొదట్లో అమెరికన్ రేడియోలో బతికేసిన బ్యాండ్లు బోలెడు. గొంతు అనుకరించారు, పక్కన రెండో గొంతు పెట్టడం మర్చిపోయారు. అది బతికింది మళ్ళీ వీళ్ళ దగ్గరే. 2006 నుంచి విలియం డువాల్ వాళ్ళతో పాడుతున్నాడు. 2009 సెప్టెంబరు 29న, డర్ట్ వచ్చిన తేదీనే, బ్లాక్ గివ్స్ వే టు బ్లూ విడుదలైంది. ఆ పేరున్న పాట స్టేలీకి వీడ్కోలు, అందులో పియానో ఎల్టన్ జాన్‌ది. డువాల్ స్టేలీలా పాడడానికి ప్రయత్నించడు, తన గొంతుతో తను పాడతాడు. కాంట్రెల్ గొంతు మాత్రం ఎప్పట్లాగే కింద నిబ్బరంగా ఉంటుంది, రెండూ కలిశాయంటే అది ఆలిస్ ఇన్ చెయిన్స్ అని ఒక్క క్షణంలో పోల్చుకోవచ్చు. స్టేలీ లేకుండా ఆ పేరు వాడకూడదని కోప్పడే అభిమానులున్నారు. వాళ్ళ బాధ అర్థమవుతుంది కానీ నేను ఒప్పుకోను. ఆ హార్మనీని కట్టినవాళ్ళలో ఒకడు బతికే ఉన్నాడు, దాన్ని పాడే హక్కు అతనికుంది.

సౌండ్ విషయానికొస్తే, 1994 నాటి సీడీ కాబట్టి ఇప్పటి రికార్డులంత గట్టిగా వినపడదు. వాల్యూమ్ కాస్త పెంచుకోవాలి, అదే దీని బలం. మెల్లగా ఉన్నచోట నిజంగా మెల్లగా ఉంటుంది, ఐ స్టే అవేలో బరువు పడ్డప్పుడు నిజంగా పడుతుంది. కిన్నీ స్నేర్ డ్రమ్ దెబ్బకి తల, అంటే మొదటి పదును, ఉంటుంది, దాన్ని చదును చేయలేదు. స్ట్రీమింగ్‌లో విన్నా పాటలు అవే, తప్పేం లేదు, కానీ ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. రెండు గొంతులూ ముద్దయిపోతాయి. వంద రూపాయల ఇయర్‌ఫోన్స్ అయినా నయమే. వినైల్ ప్లేయర్ ఉన్నవాళ్ళకి ఎల్పీ కూడా తర్వాత వచ్చింది. ప్లేయర్ లేకుండా ఇంట్లో గోడకి పెట్టుకోవడానికి ఎల్పీ కొనేవాళ్ళు ఆ డబ్బుతో ఒక మంచి హెడ్‌ఫోన్ కొనుక్కుని సీడీ తెచ్చుకోండి.

జిమ్‌లో పెట్టుకోవడానికి, కారులో ఊపుకోసం కొనేవాళ్ళకి ఇది పనికిరాదు. మనసు బాగాలేని రోజుల్లో నట్‌షెల్ ఒంటరిగా వినడం కూడా అందరికీ పడదు. మీ సంగతి మీకు తెలుస్తుంది.

ఇది నచ్చితే తర్వాత శాప్ వినండి, ఇదే అకూస్టిక్ దారిలో రెండేళ్ళ ముందు వేసిన అడుగు అది, అందులో సౌండ్‌గార్డెన్ క్రిస్ కార్నెల్, హార్ట్ బ్యాండ్ ఆన్ విల్సన్ గొంతులు కూడా ఉన్నాయి. ఆ తర్వాత అన్‌ప్లగ్డ్. అప్పుడు డర్ట్, అప్పటికి మీ చెవి ఆ రెండు గొంతుల్ని గిటార్ల కింద కూడా పట్టుకోగలుగుతుంది. బ్లాక్ గివ్స్ వే టు బ్లూ ఆఖర్న పెట్టుకోండి. ఈ వరసలో విన్నవాళ్ళకి దాని చివరి పాట దగ్గర ఎవరికి వీడ్కోలు చెబుతున్నారో విడిగా ఎవరూ చెప్పక్కర్లేదు.